ఆముదం రాసిన కారులో తుని దాకా

నరసాపురం దగ్గర మా ఊరి నుంచి తుని ఎంత దూరమని అడిగితే ఎవరైనా ఐదు గంటలంటారు. మాకు రెండు రోజులు పట్టింది. అందులో సగం తప్పు గోదావరిది, సగం నాది అని ఇన్నాళ్లూ అందరికీ చెప్పుకుంటూ వచ్చాను. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను కనక నిజం చెప్పాలి. గోదావరిది ఏ తప్పూ లేదు.

బయల్దేరే ముందు

మాణిక్యం వదిన మా ఆయనకి అక్క. మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఉంటుంది. ఆరేళ్ల కిందట ఆమె భర్త ఎక్కిన అద్దె కారు పాలకొల్లు దారిలో మలుపు దగ్గర బ్రేకు పడక కాలవలోకి వెళ్లిపోయింది. ఆయన తిరిగి రాలేదు. ఆ రోజు నుంచి వదిన ఇంజను ఉన్న బండేదీ ఎక్కలేదు. బస్సు వద్దు, ఆటో వద్దు. రైలెక్కు వదినా అంటే, "రైలుకి మాత్రం ఉండేది బ్రేకు కాదటే?" అనేది. పెళ్లికైనా పరామర్శకైనా రిక్షా వెళ్లినంత దూరమే ఆమె లోకం.

ఆమె కూతురు జయని తుని ఇచ్చాం. మొదటి కాన్పు మా ఊళ్లోనే అయింది, ఆడపిల్ల. రెండో కాన్పు అత్తవారింట్లో అయింది. మగపిల్లాడు. ఇరవై ఒకటో రోజున బారసాల పెట్టుకున్నారు. జయ ఫోన్ చేసి తల్లితో ఒకటే మాట అంది.

"నాన్న ఎలాగూ లేడు. నువ్వొచ్చి నీ చేతుల్తో వేసేదాకా వీణ్ణి ఉయ్యాల్లో వెయ్యనమ్మా. మా అత్తగారేమనుకున్నా సరే. చాప మీదే పెంచుకుంటాను."

వదిన ఫోన్ పెట్టేసి మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. నాలుగో రోజు నేను వెళ్లి కూర్చున్నాను. ఊళ్లో ఎవరింట్లో తలుపు కిర్రుమన్నా, ఏ కోడలు అలిగినా నన్నే పిలుస్తారు. పిలవకపోయినా వెళతాను.

"మన కారులో వెళదాం వదినా. మీ తమ్ముడి తోలకం నీకు తెలియనిదా? సైకిళ్లు దాటిపోతాయి. మొన్న మన బండిని ఒక గేదె దాటింది."

"గేదె దాటిందా?"

"దూడ కూడా దాటింది."

చాన్నాళ్లకి నవ్వింది. చివరికి ఒప్పుకుంది. ఒక షరతు పెట్టింది. "బ్రేకు ఒక్కసారి తేడా చేసిందా, ఉన్నచోటే దిగిపోతాను. తరవాత నన్ను బతిమాలకూడదు."

అంత మాట అన్నాక బండిని ఒకసారి చూసుకోవాలి కదా అనిపించింది. అక్కడే చెడింది.

మా కారు పాతది, విదేశాలది. రొయ్యలు కలిసొచ్చిన ఏడాది మా ఆయన రాజమండ్రిలో ఒక కాంట్రాక్టరు దగ్గర కొన్నారు. ఉడికించిన చేమదుంప తొక్కు రంగు. దాని గొప్పేంటంటే ముందు చక్రాలకే కాదు, వెనక చక్రాలకి కూడా డిస్కు బ్రేకులు. డిస్కంటే చక్రంతో పాటు తిరిగే ఇనప పళ్లెం. బ్రేకు తొక్కితే అటో దిమ్మా ఇటో దిమ్మా వచ్చి ఆ పళ్లాన్ని బిగించి పట్టుకుంటాయి. ఇదంతా ఇప్పుడు తెలుసు. అప్పుడు నాకు తెలిసింది పళ్లెం వరకే.

కార్తీకానికి ముందు తుఫాను వచ్చి కారు మూడు వారాలు పాకలోనే ఉండిపోయింది. మాది సముద్రపు గాలి. పైగా మా దగ్గర పనిచేసే సత్తిబాబు దాన్ని రొయ్యల చెరువు ఉప్పునీళ్లతో కడిగేవాడు. ప్రయాణానికి ముందు రోజు సాయంత్రం చక్రాలకి పసుపూ కుంకుమా పెడదామని వంగాను కదా, ముందు చక్రాల్లో పళ్లేలు తళతళలాడుతున్నాయి. వెనకవి ఎర్రగా, పొరలు పొరలుగా, ఆషాఢంలో అటక మీద పెట్టి మరిచిపోయిన అట్లపెనంలా ఉన్నాయి.

తుప్పు పట్టిన ఇనుముకి ఏం చెయ్యాలో నాకొకరు చెప్పాలా? మా అమ్మ చెప్పింది, మా అత్తగారు చెప్పారు, నేను ఇద్దరు కోడళ్లకి చెప్పాను. తోమాలి, తుడవాలి, ఆముదం పట్టించాలి. కొబ్బరి పీచు కర్రకి కట్టి తోమాను. గుడ్డ పీలిక ఆముదంలో ముంచి లోపలా బయటా, పళ్లానికీ, దాని పక్కనున్న దిమ్మలకీ కూడా, రెండు వెనక చక్రాలకీ పట్టించాను. పావు సీసా అయింది. నిగనిగలాడాయి. మా ఆయనకి చెప్పలేదు. చెప్పకుండా చేసిన మంచికి పుణ్యమెక్కువని నా లెక్క.

నరసాపురం రేవు

చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. పంటు అంటే రెండు పడవల్ని జోడించి పైన చెక్కలు పరిచిన తేలే అరుగు. మనుషులు, మేకలు, మోటారు సైకిళ్లు, గడ్డిమోపులు, నడుమ ఒక కారు. అవతలి గట్టున సఖినేటిపల్లి. రాజమండ్రి వంతెన మీంచి వెళితే సుఖమే గాని ఆ దారిలో లారీలెక్కువ. లారీ కనబడితే వదిన కళ్లు మూసుకుంటుంది. అందుకని రెండుచోట్ల పంటు దాటి కోనసీమ మీదుగా వెళదామని నేనే చెప్పాను. ఆ ప్రయాణంలో ప్రతి తెలివైన ఆలోచనా నాదే.

కారు పంటెక్కింది. మా ఆయన హ్యాండ్ బ్రేకు లాగి, దిగి, పంచె సర్దుకుంటున్నారు. పంటు కదిలింది. దాంతోపాటు కారూ కదిలింది. బెత్తెడు ముందుకి, మళ్లీ బెత్తెడు వెనక్కి, ఉయ్యాలలా.

పంటు నడిపే సరంగు అరిచాడు. "హ్యాండ్ బ్రేకు వెయ్యలేదాండీ?"

"వేశానయ్యా!"

"వేస్తే నిలబడాలి కదండీ! ఆయ్, ఆ చెక్క ఇలా తేరా!"

చక్రం కింద చెక్క పెట్టాడు. వదిన గడ్డిమోపు మీద కూర్చుని అవతలి ఒడ్డు చూస్తోంది, గమనించలేదు. నేను గమనించాను. గమనించి ఏమనుకున్నానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. నూనె పట్టించాక చక్రాలు ఎంత తేలిగ్గా తిరుగుతున్నాయో చూడు, అనుకున్నాను.

అంబాజీపేట

రాజోలు దాటాక దారి పొడుగునా కొబ్బరే. మా వైపు చెరువు గట్టు మీద వరసకి నాలుగు చెట్లుంటే తోట అంటాం. ఇక్కడ ఆకాశం చూడాలంటే చెట్లు లేని చోటు వెతుక్కోవాలి. బొండాం ఐదు రూపాయలు. మా ఊళ్లో ఏడు, అదీ ఇక్కణ్నించి వచ్చినదే. పి.గన్నవరం దగ్గర ఇంకో వింత. కింద నది, నది మీద కట్టడం, ఆ కట్టడం మీద నీళ్లు పారే కాలవ, కాలవ పక్కన మనం. నీళ్ల మీద నీళ్లు పోవడం చూసి వదిన "ఇదేం విడ్డూరమే!" అంది. కాలవ పక్కన వెళుతూ కూడా భయపడలేదు. మాట్లాడుతోంది. చంటాడి ముక్కు ఎవరిదై ఉంటుందో, ఏ పేరు పెడతారో, అన్నీ మాట్లాడింది. ఆరేళ్లుగా లోపల దాచుకున్న మాటలన్నీ ఆ వెనక సీట్లో నాకు చెబుతోంది.

మధ్యలో ఒకసారి ముక్కెగరేసి, "ఎవరింట్లోనో ఆముదం కాస్తున్నట్టున్నారే" అంది.

"కాస్తారు వదినా, కోనసీమ కదా" అన్నాను. కోనసీమకీ ఆముదానికీ సంబంధమేంటో నాకూ తెలియదు.

అంబాజీపేటలో పొట్టిక్కబుట్టలు తిన్నాం. పనసాకులు నాలుగు కలిపి బుట్టలా కుట్టి అందులో పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. మన ఇడ్లీకి పల్లెటూరి అక్క. ఆకు వాసన పిండిలోకి దిగి ఉంటుంది. నాలుగు రూపాయలకి రెండు. వదిన నాలుగు తింది. నేనెన్ని తిన్నానో రాయను.

నేను కూర్చున్నచోటికి ఎదురుగా పెనం. హోటలాయన పెనం మీద నూనె చిలకరించి, సగం కోసిన ఉల్లిపాయతో నాలుగు పక్కలా పులిమి, పెసరట్టు పోశాడు. కాలాక అట్లకాడ ఇలా తగిలించాడో లేదో, అట్టు సర్రున జారి పళ్లెంలో పడింది.

"ఎంత బాగా జారిందండీ!" అన్నారు మా ఆయన.

"నూనె పట్టిన పెనమండి. దాని మీద ఏదైనా నిలబడుద్దా?" అన్నాడాయన.

చేతిలో ముద్ద మళ్లీ ఆకులో పెట్టేశాను. పట్టుకోవలసిన పళ్లెం. పట్టుకునే దిమ్మలు. మధ్యలో నా ఆముదం. హ్యాండ్ బ్రేకు పట్టుకునేది వెనక చక్రాలనే కదా, పంటు మీద బెత్తెడు ముందుకీ బెత్తెడు వెనక్కీ ఎందుకు ఊగిందో అప్పుడర్థమైంది.

అక్కడే చెప్పేసి ఉంటే సబ్బునీళ్లతో పోయేదేమో. చెప్పలేదు. వదిన నవ్వుతోంది, ఇప్పుడు బ్రేకు మాట ఎత్తితే దిగిపోతుంది అని నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. మిగతా సగం, ఊరందరికీ సలహాలు చెప్పే మనిషిని, నోరు విప్పడానికి మొహం చెల్లలేదు. ముందు చక్రాలు బాగానే ఆపుతున్నాయి కదా, నెమ్మదిగానే వెళుతున్నాం కదా, తునిలో నేనే చాటుగా తుడిచేద్దాం అనుకున్నాను.

కోటిపల్లి ఒడ్డు

ముక్తేశ్వరం దగ్గర రెండో పంటు ఎక్కాం. అవతల కోటిపల్లి. నీళ్లు తగ్గి ఒడ్డు ఎత్తుగా ఉంది. పంటు నుంచి ఇసక మీదకి చెక్కలు వేశారు. వదిన కారులోంచి దిగనంది. అంత నమ్మకం కుదిరింది పాపం. దిగితే నమ్మకం పోతుందని నేనూ దిగమనలేదు.

కారు ఎత్తెక్కుతూ సగంలో ఆగిపోయింది, ఇంజను చచ్చిపోయింది. మా ఆయన నేర్చుకున్న పద్ధతి ప్రకారం హ్యాండ్ బ్రేకు లాగి, కాలు తీసి, తాళం తిప్పబోయారు. కారు వెనక్కి జారడం మొదలుపెట్టింది. నిమ్మళంగా, చప్పుడు లేకుండా, అంబాజీపేట అట్టులాగే.

వెనక అద్దంలో గోదావరి కనబడింది. వదిన కేక పెట్టలేదు. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మా ఆయన కాలితో బ్రేకు వెతుక్కుని తొక్కేలోపల నలుగురు వెనక భుజాలానించారు, ఒకతను చక్రం కింద బండరాయి తోశాడు. ఆగింది. నీళ్లకి ఇంకా చాలా దూరమే ఉందని తరవాత అందరూ చెప్పారు. ఆ చాలా దూరం ఎంతో వదినకి కనబడలేదు, నాకూ కనబడలేదు.

తలుపు తీసుకుని దిగింది. చీర కుచ్చెళ్లు చేత్తో పట్టుకుని ఇసకలో నడుచుకుంటూ పైకి వెళ్లిపోయింది. బతిమాలకూడదని ముందే మాటయింది. ఒడ్డున రిక్షా ఒకటుంది.

"ద్రాక్షారామం ఎంత?"

"అంత దూరం రిక్షాలో ఎవరూ రారండి. ఆటో పిలుస్తానమ్మా."

"ఎంతో చెప్పు."

"ఎనభై ఇప్పించండి."

నేను పరుగున వెళ్లి, "వదినా, రిక్షాకి బ్రేకు అంతంతమాత్రమే" అన్నాను.

"దానికి వేగమూ అంతంతమాత్రమేగా" అంది, వెనక్కి తిరక్కుండా.

అలా ఊరేగాం. ముందు రిక్షాలో మాణిక్యం వదిన, ఒళ్లో చంటాడికి కొన్న వెండి గిన్నె. వెనక నడక వేగంతో మా విదేశీ కారు. రిక్షా అతను రొప్పు తీర్చుకోవడానికి ఆగితే మేమూ ఆగేవాళ్లం. వరికోతల నుంచి వస్తున్న ఆడకూలీలు రోడ్డు పక్కకి జరిగి చూశారు. ఒకావిడ కిటికీలోకి వంగి, "ఎవరండీ ఆవిడ? అమ్మగారా?" అని నాతో గుసగుసలాడింది. ఎవరో మహాత్మురాలు పాదయాత్రకి బదులు రిక్షా యాత్ర చేస్తోందనుకున్నట్టుంది. అవునన్నాను. రిక్షాకి దణ్ణం పెట్టింది. రెండున్నర గంటల్లో ఆ రోజు నా వల్ల జరిగిన పుణ్యకార్యం అదొక్కటే.

ద్రాక్షారామం

భీమేశ్వరుడు ఇక్కడ రెండంతస్తుల ఎత్తు. పాదాలు కింద చూసి, మేడెక్కి శిరస్సు చూడాలి. మా భీమవరంలో స్వామి చంద్రుణ్ణి బట్టి రంగు మారతాడంటారు. ఇక్కడి స్వామి మనిషి చేత మెట్లెక్కిస్తాడు. కార్తీకమాసం, ఇసకేస్తే రాలని జనం, ప్రమిదల పొగ. వదినకి ఆ పేరు పెట్టింది ఇక్కడి మాణిక్యాంబ అమ్మవారి మొక్కుకే. అమ్మవారి ముందు చాలాసేపు నిలబడింది. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని తమ్ముడితో అంది.

"రేపు పొద్దున్న నేను వెనక్కి వెళ్లిపోతాన్రా. రేవు దాకా రిక్షా, రేవు దాటాక ఇంకో రిక్షా. ఎన్ని రోజులైతే అన్ని రోజులు. మీరిద్దరూ వెళ్లి గిన్నె ఇచ్చి రండి."

"ఎల్లుండే కదక్కా బారసాల."

"తెలుసు."

సత్రంలో పడుకుని గోడ వైపు తిరిగింది. నేను పక్క చాప మీద ఆముదం గురించి చెప్పడానికి రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ ఆవలించినట్టు మూసేశాను.

వీర్రాజు గారి షెడ్డు

పొద్దున్నే సత్రం వాళ్లు రామచంద్రపురం రోడ్డులో ఒక షెడ్డు చూపించారు. వీర్రాజు గారని, యాభై ఏళ్ల మనిషి, ట్రాక్టర్లూ లారీలూ చూస్తాడు. వదిన కూడా కారెక్కకుండా మా వెనకే నడిచొచ్చింది. రిక్షా దొరికేది ఆ పక్కనే మరి. ఆయన వెనక చక్రం విప్పి, "వెనక కూడా పళ్లేలే పెట్టేడండి!" అని ముచ్చటపడి, వేలితో తడిమి, వేలు పైకెత్తి చూశాడు. నూనె మెరిసింది.

"లోపల సీలు పోయిందండి. బ్రేకాయిలు కారి డిస్కు మీద పడతంది. ఈ బండి సీలు మన దగ్గర దొరకదండి. హైదరాబాద్ నించి రావాలి. నాలుగు రోజులేసుకోండి."

మా ఆయనకి కోపం వస్తే మాట నెమ్మదిస్తుంది. చాలా నెమ్మదిగా, "ఆ కాంట్రాక్టరు నన్ను మోసం చేశాడు" అన్నారు. "లేదా సత్తిబాబు కడిగేటప్పుడు ఏదో పీకి ఉంటాడు. వాణ్ణి వెళ్లగానే పనిలోంచి తీసేస్తాను" అన్నారు. తరవాత పక్కనున్న ఎస్టీడీ బూత్‌లోకి వెళ్లి తునిలో జయకి, రాలేమని ఫోన్ చేసి వచ్చారు. మొహం పాలిపోయింది.

"ఏమంది?" అని అడిగింది వదిన.

"ఏమీ అన్లేదక్కా. సరే మావయ్యా, ఉయ్యాల విప్పెయ్యమంటాను అంది."

వదిన తల దించుకుని వెండి గిన్నె ఉన్న సంచీ ముడి విప్పి, మళ్లీ ముడేసింది. రిక్షా కోసం రోడ్డు వైపు చూసింది.

నేను చాలా విషయాల్లో చెడ్డదాన్నే గాని అది చూస్తూ ఊరుకునేంత చెడ్డదాన్ని కాను.

"సీలు కాదండీ" అన్నాను.

"మరేంటమ్మా?" అన్నాడు వీర్రాజు గారు.

"నేను."

"మీరేంటమ్మా?"

"నేను రాశాను. ఆముదం. పావు సీసా."

వీర్రాజు గారు వేలు మళ్లీ ఎత్తి వాసన చూశాడు. ట్రాక్టరు కింద పడుకుని పనిచేస్తున్న మనిషి కూడా బయటికి పాక్కుంటూ వచ్చాడు, నన్ను చూడ్డానికి.

"ఆముదమేనండోయ్! దేనికి రాశారమ్మా?"

"తుప్పు పట్టింది కదా అని. పెనానికి రాసినట్టు."

"పెనం మీద అట్టు జారాలమ్మా. ఇక్కడ జారకూడదు."

"నిన్న అంబాజీపేటలో తెలిసిందండి."

"నిన్న తెలిసిందా?" అన్నారు మా ఆయన, చాలా చాలా నెమ్మదిగా. ముప్పై ఏళ్ల కాపురంలో ఆ నెమ్మది అంతకుముందు వినలేదు, ఆ తరవాత వినలేదు. "కోటిపల్లి ఒడ్డుకి ముందే తెలిసిందా?"

"ముందే."

వీర్రాజు గారు మొహం అటు తిప్పుకున్నాడు. భుజాలు ఊగుతున్నాయి. ట్రాక్టరు మనిషి దాచుకోలేక బయటికే నవ్వేశాడు. వదిన మాత్రం నవ్వలేదు. నా దగ్గరికొచ్చి నా మొహంలోకి చూసి ఒక్క మాటడిగింది. "అయితే బండికి రోగం లేదా?"

"బండికి లేదు వదినా. నాకే."

వీర్రాజు గారు తేరుకుని, "బండి బంగారమండి" అన్నాడు. "అసలు తుప్పు పట్టడానికి కారణం సారేనండి. పొద్దున్న బండాపేటప్పుడు చూశాను. నిద్దరోయే పిల్లాడికి దుప్పటి కప్పినట్టు తొక్కుతారు బ్రేకు. అలా తొక్కితే ముందు చక్రాలే ఆపేస్తాయండి. వెనక వాటికి పనుండదు. పన్లేక తుప్పట్టాయి."

సత్తిబాబు ఉద్యోగం అక్కడ దక్కింది. తప్పులో కొంత మొగుడి వాటాకి వచ్చినందుకు నాకు ప్రాణం లేచొచ్చింది, నేనెందుకు అబద్ధమాడాలి.

తోమే పని నాకే ఇచ్చారు. పళ్లేలు పెట్రోలుతో కడిగి, గరుకు కాగితంతో రుద్ది, సబ్బునీళ్లతో కడిగి, మళ్లీ పెట్రోలుతో తుడిచాను. ఆయన దిమ్మలు ఊడదీసి కుంపటి మీద కాల్చాడు. ఆముదం పొగ పోయేదాకా కాల్చి, పైన గీకాడు. "ఇప్పటికి నడుస్తాయండి. విశాఖలో కొత్తవి వేయించుకోండి. కాని ముందు వీటికి పట్టు రావాలి. బండి పరిగెత్తించి గట్టిగా బ్రేకు కొట్టాలి. ఇరవై ముప్పై సార్లు."

కాలవ గట్టు

రద్దీ లేని రోడ్డు కావాలని ఆయన ఎంచింది కాలవ గట్టు. తిన్నని రోడ్డు, చివర ఒక మలుపు, పక్కన నిండుగా నీళ్లు. వదిన దాన్ని చూసి షెడ్డు వైపే నిలబడిపోయింది.

వీర్రాజు గారు స్టీరింగు దగ్గర కూర్చుని, "వెనక బరువుండాలండి, అప్పుడే వెనక చక్రాలు పని చేస్తాయి" అన్నాడు. నన్నొకసారి ఎగాదిగా చూశాడు. "మీరెక్కండమ్మా. బస్తాలు అక్కర్లేదు."

మొదటిసారి కొట్టాడు. చక్రాలు కీచుమన్నాయి. నేను ముందు సీటుకి నుదురు గుద్దుకున్నాను. నా సవరం ఊడి ఎగిరి వీర్రాజు గారి ఒళ్లో పడింది. ఆయన దాన్ని చూసి కెవ్వుమన్నాడు, పామనుకుని. ఇరవై ఏళ్లుగా మా ఊళ్లో ఎవరికీ తెలియకుండా దాచిన సంగతి ద్రాక్షారామానికి తెలిసిపోయింది. మా ఆయన ముందు సీట్లోంచి దాన్ని అందుకుని వెనక్కి ఇచ్చారు. అప్పుడు నవ్వారు. అదీ నాకు లాభమే.

రెండోసారి, మూడోసారి. ప్రతిసారీ వెళ్లి, తిరిగి, వదిన నిలబడ్డ చోటికొచ్చి ఆగుతున్నాం. నాలుగోసారి వస్తుంటే వదిన రోడ్డు అంచుకొచ్చి చెయ్యెత్తింది, బస్సాపినట్టు.

"తలుపు తియ్యి" అంది నాతో. ఎక్కి పక్కన కూర్చుంది. నా మణికట్టు పట్టుకుంది. "కొట్టు నాయనా."

కొట్టాడు. వదిన కళ్లు గట్టిగా మూసుకుంది. తెరిచింది. "ఆగింది" అంది.

ఇంకోసారి. "ఆగింది." మరోసారి. "ఆగింది." కళ్లు మూసుకోవడం మానేసింది. ఏడోసారో ఎనిమిదోసారో ముందుకి వంగి అడిగింది. "ఇంకొంచెం వేగంగా పోనిచ్చి ఆపగలవా?"

వీర్రాజు గారికి వదిన భర్త సంగతి మేమెవరం చెప్పలేదు. అయినా నవ్వలేదు. "ఆపగలనండి."

"ఆ మలుపు దగ్గర."

నా మణికట్టు మీద ఆమె వేళ్లు బిగుసుకున్నాయి. కాలవ మా మీదకి వస్తున్నట్టు వచ్చింది. చక్రాలు అరిచాయి. మలుపు ముందు కారు నిలబడింది, గట్టంచున పాతిన తెల్ల రాయికి బారెడు ఇవతల. ఇంజను చప్పుడు తప్ప ఏమీ లేదు. వదిన కిటికీ అద్దం దించి నీళ్లవైపు చూసింది. చాలాసేపు చూసింది. గట్టున కొంగ ఒకటి లేచి అవతలికెళ్లి వాలింది.

"అలా ఆగాలి" అంది చివరికి. తరవాత తమ్ముడి భుజం తట్టింది. "నువ్వు కూర్చో. నువ్వు కొట్టడం నేర్చుకో."

మా ఆయన పదిసార్లు కొట్టారు. మొదటి మూడూ కళ్లు మూసుకుని కొట్టారు. పదోసారికి నా నుదుటి మీద ఉసిరికాయంత బొప్పి.

తుని

కాకినాడ దాటి హైవే ఎక్కితే లారీలే లారీలు. వదిన కళ్లు మూసుకోలేదు. ముందు లారీ ఎర్రదీపం వెలిగితే చాలు, "తమ్ముడూ, కొట్టు" అనేది. కొట్టేవారు. పొద్దువాలే వేళకి చేరాం. జయ వీధిలోకి పరిగెత్తుకొచ్చి, తల్లి కారులోంచి దిగడం చూసి, నా బొప్పి వైపు తిరిగి "ఇదేంటత్తా?" అంది.

మర్నాడు బారసాల. తుని తమలపాకు పేరున్నదే గాని అంత లేతదని తెలియదు, నోట్లో పెడితే వెన్న. మా వైపు బారసాలకి శనగలు పంచుతాం, వాళ్లు శనగలతో పాటు బెల్లం ముక్క కూడా పెడతారు. వదిన చంటాణ్ణి రెండు చేతులా ఎత్తి ఉయ్యాల్లో వేసింది. ముక్కు ఆ పోయిన తాతదే. చుట్టూ ఉన్న ఆడవాళ్లు పాట అందుకున్నారు. జయ గోడకానుకుని ఏడ్చింది. వాళ్ల అత్తగారు నాకు రెండోసారి బూరెలు వడ్డించారు. కారులో వచ్చిన కథ మా ఆయన అప్పటికే ఆ ఇంట్లో అందరికీ చెప్పేశారని వాళ్లు నన్ను చూసి నవ్వే తీరులోనే తెలిసింది. ఒకాయన చేతిలో గిన్నెతో వచ్చి, కిర్రుమంటున్న వాళ్ల తలుపుకి నన్ను ఆముదం రాయమన్నాడు. రాశాను. కిర్రు ఆగింది. అదీ రాయాలి కదా.

వదినని జయ ఆపేసుకుంది. మేమిద్దరమే తిరిగొచ్చాం.

మాఘమాసంలో ఒక మధ్యాహ్నం మా ఇంటి ముందు రిక్షా ఆగింది. వదిన దిగింది. చేతిలో తమలపాకుల కట్ట.

"ఎవరు తీసుకొచ్చారు వదినా?"

"ఎవరేంటే, బస్సు తీసుకొచ్చింది. డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాను. ఎక్కగానే అడిగాను, నాయనా, ఒకసారి గట్టిగా కొట్టు చూద్దాం అని."

"కొట్టాడా?"

"మొదట వినలేదు. నేనూరుకున్నానా? కొట్టాడు. నా పక్కావిడ కూరల సంచీ బోర్లా పడి బస్సంతా వంకాయలు. పాపం, ఇద్దరం సీట్ల కిందకి దూరి ఏరుకుంటూ కూర్చున్నాం. లేచి చూస్తే రావులపాలెం. గోదావరి ఎప్పుడు దాటామో నేను చూడనేలేదే!"